మీకు తెలుసా? నిక్కరేసుకుని లోచో బండి ముందు

సైకిలు మీద ఉన్నంతసేపూ సిగ్గు గుర్తుకురాదు. దిగాకే మొదలు. ఆదివారం తెల్లవారుజామున సూరత్‌లో డుమాస్ రోడ్డు పట్టుకుని సముద్రం దాకా వెళ్ళొచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తిరిగొచ్చేటప్పటికి ఆకలి ఆగదు. టిఫిను బండి పక్కన సైకిలు ఆనించి, అడుగున ఇనప బిళ్ళలున్న బూట్లతో టక్కుటక్కుమంటూ నాలుగడుగులు వేస్తానో లేదో, పొట్ట దానంతటదే లోపలికి పోతుంది. చెయ్యి జెర్సీ అంచుని కిందకి లాగుతుంది. లోచో ప్లేటు ఎక్కడ అడ్డం ఉండాలో అక్కడికి చేరిపోతుంది.

లోచో తెలియనివాళ్ళకి: నానబెట్టిన సెనగపప్పు రుబ్బి, ఆవిరి మీద ఉడికించి, పైన నూనె, సెవ్, ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చే సూరత్ టిఫిను. ఎవరో ఖమణ్ అనే టిఫిను చెయ్యబోతే పిండి జారైపోయి ‘లోచా’ అయిందనీ, ఆ గందరగోళమే పేరుగా నిలిచిందనీ ఊళ్ళో చెప్పుకునే కథ. బిగుతు నిక్కరులో ఆ బండి ముందు నిలబడ్డ మనిషి పరిస్థితి కూడా అచ్చం అదే. ఇక్కడివాళ్ళు ‘లోకో షు కహేషే’ అంటారు. మనవాళ్ళ ‘నలుగురూ ఏమనుకుంటారు’కి గుజరాతీ కవల.

*

ఆ నలుగురూ నిజంగా ఎంతమందో లెక్కేసినవాళ్ళున్నారని మీకు తెలుసా? అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో అచ్చువేసిన ప్రయోగమది. ఒక విద్యార్థికి బారీ మానిలో అనే గాయకుడి బొమ్మ ఉన్న టీ షర్టు తొడిగారు. అప్పటి కుర్రకారు దృష్టిలో అది వేసుకోవడం తలవంపులే. ఆ చొక్కాతో మిగతా విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపి, బయటికొచ్చాక, ‘ఎంతమంది నీ చొక్కా మీద బొమ్మ ఎవరిదో గమనించి ఉంటారు?’ అని అడిగారు. సగటున దాదాపు సగం మంది అన్నారు వేసుకున్నవాళ్ళు. నిజంగా గమనించింది నూటికి 23 మందే. మన మీద మనమే ఒక లైటు వేసుకుని తిరుగుతాం కాబట్టి దీనికి ‘స్పాట్‌లైట్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు.

నాకు ఇది సగం ఊరటే. బండి దగ్గర పదిమంది ఉంటే ఇద్దరు చూస్తారన్నమాటే కదా! ఆ ఇద్దరిలో ఒకరు మా వీధివాళ్ళే అవుతారు.

ఇంతకంటే గుచ్చుకునే ప్రయోగం ఇంకొకటి ఉంది. 1998లో బార్బరా ఫ్రెడ్రిక్సన్ బృందం చేసింది. కొందరికి స్వెటరు, కొందరికి ఈత దుస్తులు ఇచ్చి, నిలువుటద్దం ఉన్న గదిలో ఒంటరిగా తొడుక్కోమన్నారు. ఆ బట్టల్లోనే ఉండి లెక్కలు చెయ్యమన్నారు. ఈత దుస్తుల్లో ఉన్న ఆడపిల్లలకి, స్వెటర్లో ఉన్నవాళ్ళకంటే మార్కులు తగ్గాయి. మగపిల్లల్లో ఆ తేడా రాలేదు. గదిలో చూసేవాళ్ళు ఎవరూ లేరన్నది మరిచిపోకండి. మనతో సైకిలు తొక్కే ఆడవాళ్ళు నిక్కరు మీద ఇంకో వదులు నిక్కరు, నడుముకి ఒక చున్నీ ఎందుకు చుట్టుకొస్తారో అర్థంకాని మగవాళ్ళు ఈ సంగతి ఒకసారి చదువుకోవచ్చు.

*

సూరత్‌లో తెలుగువాళ్ళు ఎంత పాతుకుపోయారో చెప్పడానికి ఒక్క విషయం చాలు: ఇక్కడి మునిసిపల్ కార్పొరేషన్ నడిపే బళ్ళలో తెలుగు మాధ్యమం బళ్ళూ ఉన్నాయి. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుల సరసన. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని పట్టుకుని వచ్చిన పద్మశాలీలు లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు ఎక్కువ. మా పెద్దమ్మ ఇల్లూ అక్కడే. పెదనాన్న సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తే ఆమె కండెలు చుట్టింది. నలభై ఏళ్ళు ఆ చేతుల్లోంచి దారం పోతూనే ఉంది.

కొత్త నిక్కరు వేసుకుని బయల్దేరిన మొదటి ఆదివారం నేను చేసిన తప్పేమిటంటే, వెళ్ళేటప్పుడు చీకట్లో వెళ్ళి, వచ్చేటప్పుడు ఎండెక్కాక రావడం. వీధి మొత్తం మేలుకునుంది. అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

“గిదేంది బిడ్డా, గిట్లనే పోయినవా సముద్రం దాకా?”

“పోయిన పెద్దమ్మా.”

“నలుగురు సూడలేదా?”

“సూసిన్రు.”

“ఇటు రా.”

దగ్గరికెళ్ళాను. మోకాలి పైన బట్టని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని లాగి వదిలింది. టప్‌మంది. మళ్ళీ లాగింది. ఈసారి అడ్డంగా. అంచు తిరగేసి లోపలి కుట్టు మీద గోరు పెట్టి గీసింది.

“ఇది నేసింది గాదు. పడుగేది, పేకేది? అల్లిన గుడ్డ. కుట్టు మంచిగున్నది, ఒరుసుకోదు. ఎంత?”

“పద్దెనిమిది వందలు.”

“మూరెడు గుడ్డకా! గా పైసలకు రింగ్ రోడ్డుల ఆరు చీరెలొస్తయ్.”

సిగ్గు సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు.

*

పెద్దమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేసిన బట్టలో పడుగు నిలువు, పేక అడ్డం. రెండూ తిన్నగా బిగిసి ఉంటాయి కాబట్టి పెద్దగా సాగవు. అల్లిన బట్టలో దారం ఉచ్చులు ఉచ్చులుగా మెలిక తిరిగి ఉంటుంది. లాగితే ఉచ్చు విప్పారుతుంది. కానీ సాగినది వెనక్కి రావాలంటే దారంలోనే గుణం ఉండాలి. ఆ గుణం లైక్రాది.

లైక్రా సైకిలు కోసం పుట్టలేదని మీకు తెలుసా? అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, వేన్స్‌బరోలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1958లో దాన్ని రూపొందించాడు. అప్పట్లో ఆడవాళ్ళు నడుము సన్నగా కనబడ్డానికి లోపల రబ్బరుతో చేసిన బిగుతు పట్టీలు తొడిగేవాళ్ళు. ఆ రబ్బరుకి బదులు ఏదైనా కావాలన్నదే అతని పని. తన పొడవుకి ఐదింతలు సాగి మళ్ళీ యథాస్థానానికి వచ్చే దారం దొరికింది. ఆ రకం దారానికి స్పాండెక్స్ అని పేరు. ఇంగ్లీషులో ‘విస్తరిస్తుంది’ అని చెప్పే ‘ఎక్స్‌పాండ్స్’ మాటలోని అక్షరాలనే అటూ ఇటూ చేసి పెట్టారు. లైక్రా అన్నది కంపెనీ పెట్టుకున్న మార్కు పేరు. ఒళ్ళు దాచిపెట్టడానికి పుట్టిన దారమే ఇవాళ ఒళ్ళంతా బయటపెడుతోందని మనం మొత్తుకుంటున్నాం.

నిక్కరులో లైక్రా ఉండేది తక్కువ పాలే. మిగతాదంతా నైలానో పాలియెస్టరో. జెర్సీ అయితే చాలావరకు పాలియెస్టరే. పాలియెస్టరు అంటే సూరత్ ఊపిరి. ఇక్కడి చీర, ఇక్కడి డ్రెస్ మెటీరియలు చాలావరకు దానితోనే. మరి చెమట పట్టే పనికి నూలు కాదని పాలియెస్టరు ఎందుకు? నూలు దారం మామూలు గాలిలోంచే తన బరువులో నూటికి ఎనిమిదిన్నర పాళ్ళ తేమ పీల్చుకుంటుంది. పాలియెస్టరు అర పాలు కూడా పీల్చుకోదు, 0.4 మాత్రమే. చెమట నూలు చొక్కాలోకి దిగితే అక్కడే కాపురం పెడుతుంది. పాలియెస్టరులో దారాల సందుల వెంట పైకి పాకి గాలికి ఆరిపోతుంది. సముద్రపు గాలికి ఒళ్ళు జిగటలాడే సూరత్‌లో నూలు బనీనుతో ముప్ఫై కిలోమీటర్లు తొక్కి చూడండి. దిగేసరికి అది బరువైన తడిగుడ్డ.

బిగుతు ఎందుకంటారా? గాలి కోసం. చదును రోడ్డు మీద గంటకి ముప్ఫై కిలోమీటర్లు దాటితే మన కష్టంలో సింహభాగం గాలిని పక్కకి తొయ్యడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి ఎదురుపోటు నాలుగింతలు. దాన్ని తట్టుకోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. రెపరెపలాడే చొక్కా అంటే వెనకాల కట్టుకున్న చిన్న గొడుగు. (నేను ముప్ఫై దాటేది డుమాస్ నుంచి వచ్చేటప్పుడు వెనకగాలి ఉంటేనే. ఆ సంగతి మా గుంపులో చెప్పకండి.)

*

లోపల ఏమీ వేసుకోరు. అవును, నిక్కరు కింద డ్రాయరు వేసుకోకూడదు. కొత్తవాళ్ళలో నూటికి తొంభైమంది చేసే తప్పు ఇదని నా అంచనా. నేనూ చేశాను, రెండు రోజులు సరిగా కూర్చోలేకపోయాను. నిక్కరులో కుట్టిన మెత్త ఒంటికి నేరుగా ఆనడానికే ఉంది. మధ్యలో ఇంకో గుడ్డ, దాని కుట్లు ఉంటే గంటకి కొన్నివేలసార్లు తొక్కే తొక్కుడులో అక్కడ చర్మం లేచిపోతుంది. లైక్రా రాకముందు సైకిలు పందెగాళ్ళవి ఉన్ని నిక్కర్లు. అందులో మెత్తకి బదులు షమాయ్ అనే కొండమేక జాతి జంతువు తోలు కుట్టేవాళ్ళు. ఉతికితే ఆ తోలు అప్పడంలా బిరుసెక్కేది, ప్రతిసారీ నూనె రాసి మెత్తబరచాలి. ఇవాళ తోలు లేదు గానీ ఆ మెత్తని ఇప్పటికీ షమాయ్ అనే అంటారు.

నిక్కర్లు నలుపెందుకు అన్నదానికీ జవాబు ఆ పాతరోజుల్లోనే ఉంది. చెయిను నూనె, సీటు తోలు మరకలు కనబడకూడదని. సన్నగా కనబడతామన్నది మనం తర్వాత కలుపుకున్న లాభం. లేత రంగు కొంటే తడిసినప్పుడు ఏమవుతుందో కొట్టువాడు చెప్పడు.

*

ప్రపంచంలోకెల్లా పేరున్న సైకిలు జెర్సీ వేసుకున్న మొదటి మనిషి సిగ్గుపడ్డాడని మీకు తెలుసా? టూర్ ద ఫ్రాన్స్‌లో ముందున్నవాడికి ఇచ్చే పసుప్పచ్చ జెర్సీ 1919లో మొదలైంది. పందెం నడిపే పత్రికని పసుప్పచ్చ కాగితం మీద అచ్చువేసేవారు, ఆ రంగే పెట్టారు. దాన్ని తొలిసారి తొడిగిన యూజీన్ క్రిస్టోఫ్‌ని చూసి దారి పొడుగునా జనం కానరీ పిట్ట కూతలు కూశారు. పిట్టలా ఉన్నానని ఎగతాళి చేస్తున్నారంటూ అతను వాపోయాడు. ఇప్పుడు ఆ జెర్సీ కోసం ఎముకలు విరగ్గొట్టుకుంటారు.

*

సూరత్ కాదు, సర్రే. ఇంగ్లండులో సర్రే కౌంటీ, ఆఖమ్ గ్రామం, హాట్‌బాయ్ హోటలు. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ అనే పెద్దింటావిడ సైకిలు తొక్కి అలిసిపోయి భోజనానికి లోపలికెళ్ళింది. గౌను కాకుండా వదులు నిక్కరు లాంటి బట్టల్లో ఉందని హోటలు యజమానురాలు ఆమెని పెద్దమనుషులు కూర్చునే గదిలోకి రానివ్వలేదు. కావాలంటే మగవాళ్ళు తాగే బారు వెనక గదిలో తినమంది. సైకిలువాళ్ళ సంఘం కోర్టుకెక్కింది. 1899లో జూరీ యజమానురాలి పక్షానే తీర్పిచ్చింది: తిండి పెట్టనన్లేదు, వేరే గది చూపించింది కదా అని. అంతకు ఆరేళ్ళ ముందే, 1893లో, టెస్సీ రేనాల్డ్స్ అనే పదహారేళ్ళ పిల్ల బ్రైటన్ నుంచి లండన్‌కి వెళ్ళి తిరిగి రావడానికి ఎనిమిదిన్నర గంటలే తీసుకుంది. దూరం 190 కిలోమీటర్ల పైచిలుకు. పత్రికలు ఆమె వేగం కంటే ఆమె తొడిగిన పొట్టి లాగు గురించే ఎక్కువ రాశాయి. అది బిగుతుది కూడా కాదు. మోకాళ్ళ కిందిదాకా ఉన్న వదులు లాగు!

*

డిండోలీ అన్నాను కదా. ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళున్న ఆ డిండోలీ మీదుగానే 1930 ఏప్రిల్ మొదటి రోజుల్లో గాంధీ దండికి నడిచాడు. సూరత్ దాటాక మజిలీ అది. అరవై నిండిన మనిషి, మోకాళ్ళు కనబడే కొల్లాయిగుడ్డ, చేతిలో కర్ర. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1921 సెప్టెంబరులో మదురైలో నిండు బట్టలు వదిలేశాడు. దండి నడిచిన మరుసటి ఏడాది, 1931లో, బకింగ్‌హామ్ రాజభవనంలో రాజుగారి తేనీటి విందుకీ అలాగే వెళ్ళాడు. నా నిక్కరు ఆ కొల్లాయి కంటే పొడుగే, కొలిచి చూసుకున్నాను. కానీ దానికున్న మర్యాద దీనికి లేదు. తేడా పొడుగులో లేదు, బిగుతులో ఉంది. మన కంటికి బయటపడ్డ చర్మం అలవాటే. పొలంలో గోచీ, తాలింఖానాలో లంగోటా, చెరువులో స్నానం, దేనికీ ఎవరూ తల తిప్పుకోరు. కప్పి కూడా ఆకారం చూపించే గుడ్డే కొత్త.

*

కొత్త అన్నాను గానీ, పాతికేళ్ళ క్రితమే తెలుగు నేల అలాంటి గుడ్డని చప్పట్లు కొట్టి చూసింది. 2000 సెప్టెంబరు, సిడ్నీ. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒంటికి అతుక్కునే సింగ్లెట్టు తప్పనిసరి. ముస్తాబు కోసం కాదు. మోచెయ్యి, మోకాలు పూర్తిగా నిలిచాయో లేదో రిఫరీ కంటికి కనబడాలి. మోచేతులూ మోకాళ్ళూ కప్పకూడదనేది అప్పటి నియమం. 2011లో అంతర్జాతీయ సమాఖ్య ఆ నియమం సడలించి, కప్పుకోవాలనుకునేవాళ్ళు ఒళ్ళంతా పట్టి ఉండే దుస్తు వేసుకోవచ్చంది. అదీ బిగుతుదే!

సరిగ్గా ఆ ఏడే బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో ఆడవాళ్ళు స్కర్టో గౌనో వేసుకోవాల్సిందేనని నియమం తేబోయింది, ఆట చూడ్డానికి జనం వస్తారని. గొడవై 2012లో వెనక్కి తీసుకుంది. ఎవరి ఒంటి మీద ఏముండాలో చెప్పడానికి కమిటీలకి కొదవ లేదు.

*

చీరల ఊళ్ళో ఉంటూ చీర గార్డు సంగతి చెప్పకపోతే ఎలా? మన దేశంలో వెనక మనిషి కూర్చునే ప్రతి మోటారుసైకిలుకీ వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన. కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకూడదని. పాత సైకిళ్ళ చెయిను మీద నిండుగా ఉండే రేకు డబ్బా, గుమాస్తాల ప్యాంటు కాలికి పెట్టుకునే ఉక్కు క్లిప్పు, పంచెకట్టు వాళ్ళు కుచ్చిళ్ళు ఎగదోపుకోవడం, అన్నీ ఒక్క భయానికే. వదులు గుడ్డకీ తిరిగే చక్రానికీ పడదు. బిగుతు నిక్కరు కూడా ఆ క్లిప్పు సంతతే.

అయినా సూరత్ చీర విడవదు. 2023 ఏప్రిల్‌లో ఇక్కడ చీరలు కట్టుకుని వేలాదిమంది ఆడవాళ్ళు ‘శారీ వాకథాన్’ నడిచారు. వ్యాయామానికి వేరే బట్ట అక్కర్లేదని చెప్పినట్టూ ఉంది, మన సరుకు మనమే చూపించుకున్నట్టూ ఉంది. రెండోదే ఎక్కువని నా అనుమానం.

*

నాలాంటివాళ్ళకి ఇంగ్లీషులో ఒక పేరుందని మీకు తెలుసా? ‘మామిల్’. లైక్రాలో ఉన్న నడివయసు మగాడు అనే మాటల మొదటి అక్షరాలు. 2010లో బ్రిటన్‌లో మింటెల్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ పెట్టింది. ఖరీదైన సైకిళ్ళు కొనేదెవరా అని ఆరా తీస్తే తేలినవాళ్ళు వీళ్ళే. ఆ మాట విన్నాక ఒక వారం వదులు నిక్కరు వేసుకెళ్ళాను. లోపల మెత్త, పైన మామూలు లాగు. కొండదారుల సైకిలువాళ్ళు తొడిగే పద్ధతి. సిగ్గు మరీ ఎక్కువైనవాళ్ళకి అది మంచి మార్గమే. డుమాస్‌లో టమాటా బజ్జీలు తింటున్నంతసేపూ నన్నెవరూ చూడలేదు. ముందువారం మాత్రం ఎవరు చూశారు గనక?

*

ఆ పద్దెనిమిది వందల నిక్కరు రెండేళ్ళకి సీటు దగ్గర పలచబడింది. లైక్రాకి వేడి, క్లోరిను, ఎండ పడవు. నేను వాషింగ్ మిషనులో వేడినీళ్ళు పెట్టి పాడుచేశాను. పారేద్దామని సంచిలో పెడుతుంటే పెద్దమ్మ చూసింది.

“అది ఇటియ్యి.”

“చినిగింది పెద్దమ్మా, ఏం చేస్తవ్?”

“సీటు కాడ గదా చినిగింది. కాళ్ళకేమైంది?”

కత్తెర తెప్పించి రెండు కాళ్ళూ జానెడు జానెడు కోసింది. తొడ దగ్గర జారకుండా లోపల జిగురులా పట్టుకునే రబ్బరు చుక్కల అంచు ఉంటుందే, దాన్ని పైకి ఉంచి, కుడి మోకాలికి ఒకటి, ఎడమ మోకాలికి ఒకటి ఎక్కించుకుంది. లేచి నాలుగడుగులు నడిచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని మళ్ళీ కూర్చుంది.

“గట్టిగ పట్టింది. నొప్పి జర ఆగింది. ఇంకోటి ఎప్పుడు చింపుతవ్?”